పరాయి స్టేడియంలో ఆ ఒక్క మూల

2017 ఫిబ్రవరి 18. ఇంగ్లండ్‌లోని బర్న్‌లీ పట్టణం, టర్ఫ్ మూర్ స్టేడియం. ఇంగ్లండ్‌లో చిన్నా పెద్దా ఫుట్‌బాల్ క్లబ్బులన్నీ తలపడే నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్‌లో ఐదో రౌండ్ మ్యాచ్ జరుగుతోంది. సొంత మైదానంలో ఆడుతున్న బర్న్‌లీ ప్రీమియర్ లీగ్ జట్టు, అంటే మొదటి అంచె. వచ్చిన జట్టు లింకన్ సిటీ అప్పటికి ఐదో అంచెలో ఉంది. అంటే పై నాలుగు అంచెల్లో కలిపి ఉండే 92 క్లబ్బుల్లో దానికి చోటే లేదు. ఇంగ్లండ్‌లో అలాంటి జట్లను ‘నాన్ లీగ్’ అంటారు. ఆట 89వ నిమిషానికి చేరింది, ఇంకా 0-0. లింకన్‌కు కార్నర్ దొరికింది. గోల్ ముందు గుంపులో డిఫెండర్ షాన్ రాగెట్ బంతిని తలతో కొట్టాడు. కీపర్ టామ్ హీటన్ దాన్ని చేత్తో బయటికి లాగేశాడు. గీత దాటిందా, దాటలేదా?

గోల్‌లైన్ టెక్నాలజీ ఉన్న చోట ఆ ప్రశ్నకు జవాబు సెకనులోపే రిఫరీ చేతి గడియారానికి వస్తుంది. వచ్చింది, గోల్. గోల్ వెనక స్టాండ్‌లో ఉన్న 3 వేల పైచిలుకు లింకన్ అభిమానులు ఆ తర్వాత చేసిందాన్ని సంబరం అనేస్తే సరిపోదు. వరసలు చెదిరిపోయాయి. ముందు వరస వాళ్లు వెనక్కి, వెనక వాళ్లు ముందుకి పడ్డారు. ఎవరు ఎవర్ని కౌగిలించుకుంటున్నారో తెలియని స్థితి. బ్రిటన్‌లో అభిమానులు ఈ దృశ్యాన్ని ‘లింబ్స్’ అంటారు. కాళ్లూ చేతులూ తప్ప మనిషి ఆకారం కనిపించదు కాబట్టి ఆ పేరు. 103 ఏళ్ల తర్వాత ఒక నాన్ లీగ్ జట్టు ఎఫ్‌ఏ కప్ క్వార్టర్ ఫైనల్‌కు చేరిన రోజది. అంతకు ముందు 1914లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేరింది.

ఫుట్‌బాల్‌లో ఆనందాలకు కొదవ లేదు. టైటిల్ గెలిచినప్పుడు ఊరంతా వీధుల్లోకి వస్తుంది. సొంత మైదానంలో చిన్న జట్టు పెద్ద జట్టును పడగొడితే అభిమానులు గ్రౌండ్‌లోకి పరుగెత్తుతారు. 1972లో న్యూకాజిల్‌పై హెరెఫర్డ్ తరఫున రోనీ రాడ్‌ఫర్డ్ దూరం నుంచి కొట్టిన గోల్, ఆ వెంటనే మైదానాన్ని ముంచెత్తిన పిల్లల గుంపు ఇప్పటికీ టీవీల్లో తిరుగుతూనే ఉంటాయి. అయినా కప్ మ్యాచ్‌లో, పరాయి స్టేడియంలో, గెలుస్తుందని ఎవరూ అనుకోని జట్టు గెలిచినప్పుడు పుట్టే ఆనందం వేరు. దాని తయారీ వేరు, దాని చప్పుడు కూడా వేరు.

ముందు చప్పుడు సంగతి. సొంత మైదానంలో గెలిస్తే స్టేడియం మొత్తం ఒకేసారి అరుస్తుంది. ఆ హోరులో ఏ ఒక్కరి గొంతూ విడిగా వినపడదు. పరాయి మైదానంలో అలా కాదు. ఎఫ్‌ఏ కప్ నిబంధనల ప్రకారం వచ్చిన జట్టు స్టేడియం సామర్థ్యంలో 15 శాతం వరకు టికెట్లు అడగవచ్చు. లీగ్ మ్యాచ్‌లలో దొరికే దానికన్నా ఇది బాగా ఎక్కువ. ప్రీమియర్ లీగ్‌లో మామూలుగా ‘అవే’ అభిమానుల (ఇంగ్లిష్ away, అంటే వచ్చిన జట్టు వాళ్ల) వాటా 3 వేల టికెట్లే. టర్ఫ్ మూర్‌లో దాదాపు 22 వేల మంది పడతారు, అందుకే లింకన్ వాళ్లు 3 వేల పైచిలుకు. 2015లో చెల్సీ మీద ఆడటానికి వచ్చిన బ్రాడ్‌ఫర్డ్ వెంట దాదాపు 6 వేల మంది వచ్చారు. 2010లో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌కు లీడ్స్ అభిమానులు దాదాపు 9 వేల మంది వచ్చారు.

ఆ 15 శాతమే అసలు కీలకం. గోల్ పడిన క్షణంలో స్టేడియంలో 85 శాతం నోరు మూతపడుతుంది, ఒక్క మూల మాత్రం పేలుతుంది. అరుస్తున్న వాళ్లకు తమ అరుపు తమకే వినిపిస్తుంది. చుట్టూ వేలమంది మౌనంగా చూస్తుంటే ఆ కేక ఎదుటి స్టాండ్‌కు తగిలి తిరిగొస్తుంది. ‘అవే’ మ్యాచ్‌లకు ఏళ్ల తరబడి వెళ్లేవాళ్లను గుర్తున్నదేమిటని అడిగితే, చాలామంది గోల్ కన్నా ముందు ఈ నిశ్శబ్దం గురించే చెబుతారు. టీవీలో ఇది సరిగ్గా అందదు. మైకులు అన్నిటినీ కలిపి ఒకే హోరుగా మార్చేస్తాయి.

ఇక ఈ ఆనందానికి అసలు ముడిసరుకు ఆశ లేకపోవడం. మెదడులో డోపమైన్ అనే రసాయనం పనితీరుపై న్యూరోసైంటిస్ట్ వుల్‌ఫ్రామ్ షుల్జ్ చేసిన పరిశోధనలు ఒక విషయం తేల్చాయి. ప్రతిఫలం ఎంత పెద్దదన్నది ఒక్కటే ముఖ్యం కాదు, అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య తేడాకు మెదడు గట్టిగా స్పందిస్తుంది. వస్తుందని ముందే తెలిసిన ప్రతిఫలం వచ్చినప్పుడు పెద్ద కదలిక ఉండదు. అనుకోకుండా వస్తే ఒక్కసారిగా ఎగసిపడుతుంది. బర్న్‌లీ వెళ్లే బస్సు ఎక్కినప్పుడు లింకన్ అభిమానుల్లో చాలామంది కోరుకున్నది పరువు నిలిచే ఓటమి, మహా అయితే ఒక డ్రా. ఆ లెక్కకూ 89వ నిమిషానికీ మధ్య ఉన్న దూరమే వాళ్లను వరసల మీద పడేసింది.

ఇంకో కోణం కూడా ఉంది. 2018లో బ్రిటన్ ఆర్థికవేత్తలు పీటర్ డాల్టన్, జార్జ్ మెకరన్ ఫోన్ యాప్ ద్వారా వేలమంది రోజువారీ మనఃస్థితిని మ్యాచ్ ఫలితాలతో పోల్చి చూశారు. గెలుపు ఇచ్చే సంతోషం కన్నా ఓటమి తెచ్చే బాధ దాదాపు రెట్టింపు అని తేలింది. ఈ లెక్కన ఫుట్‌బాల్ అభిమాని ప్రతి సీజన్లోనూ నష్టపోతూనే ఉండాలి. మరి జనం ఎందుకు వెళ్తున్నారు? ఆ పరిశోధనలోనే ఈ ప్రశ్న ఉంది. కప్‌లో పెద్ద జట్టు మైదానానికి వెళ్లే చిన్న జట్టు అభిమాని పరిస్థితి ఈ లెక్కలో ఒక అరుదైన మినహాయింపు అనుకోవచ్చు. ఓడితే పోయేది పెద్దగా లేదు, ఎందుకంటే ఓటమిని బస్సెక్కేముందే సగం ఒప్పుకున్నాడు. గెలిస్తే మాత్రం వచ్చేది జీవితాంతం చెప్పుకునే కథ. ఫుట్‌బాల్‌లో తూకం అభిమాని వైపు మొగ్గే రోజులు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి.

గోల్ ఎప్పుడు పడిందన్నదాన్ని బట్టి ఆ ఆనందం రూపం మారుతుంది. 2010 జనవరి 3న మూడో అంచెలో ఉన్న లీడ్స్ యునైటెడ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 1-0తో గెలిచింది. జెర్మెయిన్ బెక్‌ఫర్డ్ గోల్ 19వ నిమిషంలోనే పడింది. ఇంకా 71 నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఆ 9 వేలమంది గుండె చేత్తో పట్టుకుని గడియారం చూస్తూ గడిపిన 71 నిమిషాలవి. టెన్షన్ అంటే అది. చివరి విజిల్ మోగినప్పుడు వాళ్లలో బయటికొచ్చింది ఆనందం కన్నా ముందు ఊపిరి. 1981 తర్వాత ఆ మైదానంలో లీడ్స్‌కు అదే మొదటి గెలుపు. కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ హయాంలో మాంచెస్టర్ యునైటెడ్ మూడో రౌండ్‌లోనే ఇంటికి పోవడం అదే తొలిసారి.

బ్రాడ్‌ఫర్డ్ కథ దీనికి సరిగ్గా తలకిందులు. 2015 జనవరి 24న చెల్సీ మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో 38 నిమిషాలకే ఆ జట్టు 2-0తో ముందుంది. ఆ సమయంలో చెల్సీ ప్రీమియర్ లీగ్‌లో మొదటి స్థానంలో ఉంది, కోచ్ జోసె మొరీనియో. బ్రాడ్‌ఫర్డ్ ఉన్నది మూడో అంచెలో. 41వ నిమిషంలో జాన్ స్టెడ్ ఒకటి తిరిగిచ్చాడు. 75వ నిమిషంలో ఫిలిపె మొరైస్ సమం చేశాడు, 82లో ఆండీ హాలిడే ముందుకు తెచ్చాడు, ఇంజ్యూరీ టైమ్‌లో మార్క్ యేట్స్ నాలుగోది కొట్టాడు. 4-2. ఇక్కడ సంబరం ఒక్కసారి పేలలేదు, మెట్లు మెట్లుగా పెరిగింది. ‘పరువు దక్కింది’ నుంచి ‘రీప్లే (సమమైతే మళ్లీ ఆడే మ్యాచ్) దొరుకుతుందేమో’ దాకా, అక్కడి నుంచి ‘ఇది నిజమేనా’ దాకా. నాలుగో గోల్‌కు ముందున్నది భయం, తర్వాత ఉన్నది అచ్చమైన సంతోషం. మొరీనియో ప్రత్యర్థి డ్రెస్సింగ్ రూమ్‌కు స్వయంగా వెళ్లి అభినందించాడు. ఆ మర్యాదను బ్రాడ్‌ఫర్డ్‌లో ఇంకా తలుచుకుంటారు.

ఈ వరసలో అన్నిటికన్నా లోతైనది మెయిడ్‌స్టోన్ యునైటెడ్ గెలుపు. కాస్త ఆగి చూడాల్సిన కథ అది.

2024 జనవరి 27న నాలుగో రౌండ్‌లో మెయిడ్‌స్టోన్ జట్టు ఇప్స్‌విచ్ టౌన్ మైదానం పోర్ట్‌మన్ రోడ్‌కు వెళ్లింది. ఇప్స్‌విచ్ రెండో అంచెలో పైవరసలో ఉంది, ఆ సీజన్ చివర్లో ప్రీమియర్ లీగ్‌కు ఎదిగింది కూడా. మెయిడ్‌స్టోన్ ఆరో అంచె. ఇప్స్‌విచ్ గోల్ వైపు 38 షాట్లు కొట్టింది. మెయిడ్‌స్టోన్ గురి చూసి కొట్టినవి రెండే, ఆ రెండూ గోల్స్ అయ్యాయి. మొదట లమార్ రేనాల్డ్స్, ఇప్స్‌విచ్ సమం చేశాక శామ్ కోర్న్. గోల్‌కీపర్ లూకస్ కొవొలాన్ మిగతాదంతా ఆపాడు. 2-1. 1978లో బ్లైత్ స్పార్టన్స్ తర్వాత అంత కింది స్థాయి జట్టు ఐదో రౌండ్‌కు చేరడం అదే మొదలు. ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ పడతాయి కాబట్టే ఇలాంటివి సాధ్యం. పాయింట్లు కుప్పలుగా వచ్చే ఆటలో 38 ప్రయత్నాలు చేసిన జట్టు రెండు ప్రయత్నాలు చేసిన జట్టు చేతిలో ఓడటం ఊహకు కూడా అందదు.

ఆరోజు పోర్ట్‌మన్ రోడ్‌లో 4 వేలమందికి పైగా మెయిడ్‌స్టోన్ అభిమానులు ఉన్నారు. వాళ్ల క్లబ్ చరిత్ర తెలిస్తే ఆ కేక ఇంకోలా వినిపిస్తుంది. మెయిడ్‌స్టోన్ 1988లో తన సొంత మైదానాన్ని అమ్ముకుంది. డార్ట్‌ఫర్డ్ వాళ్ల గ్రౌండ్‌లో తలదాచుకుంటూ 1989లో ఫుట్‌బాల్ లీగ్‌కు, అంటే ఆ 92 క్లబ్బుల్లోకి ఎదిగింది. అప్పుల్లో కూరుకుపోయి 1992లో లీగ్ నుంచి తప్పుకుంది, క్లబ్ మూతపడింది. దాని స్థానంలో పుట్టిన క్లబ్ చాలా కింది స్థాయి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. సొంత ఊళ్లో సొంత మైదానం 2012లో కానీ దొరకలేదు. 24 ఏళ్లు! ఆ మధ్యకాలంలో చాలా ఏళ్లు ‘హోమ్ మ్యాచ్’ చూడాలన్నా పక్క ఊరికి పోవాల్సి వచ్చిన అభిమానులు వీళ్లు. పరాయి స్టేడియంలో ఉండటం వాళ్లకు కొత్త కాదు, అలవాటైన కష్టం. ఆ కష్టాన్ని దాటి వచ్చిన తరం, ఆ కష్టం చూడని పిల్లలు పక్కపక్కన నిలబడి, తమ సొంత స్టేడియంలో పట్టనంత గుంపుగా, 38 షాట్లను ఒక్కొక్కటిగా తట్టుకుని గెలిచారు. 24 ఏళ్ల అలసట కూడా ఆ అరుపులో ఉండే ఉంటుంది.

‘గెలిచారు’ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఆడింది పదకొండు మంది, వచ్చిన సబ్‌స్టిట్యూట్లు. స్టాండ్‌లో ఉన్నవాళ్లు ఒక్క పాస్ కూడా ఇవ్వలేదు. అయినా ఎవరిని అడిగినా గెలుపును తమదిగానే చెబుతారు. 1976లో మనస్తత్వవేత్త రాబర్ట్ చల్దీనీ బృందం అమెరికాలో ఏడు విశ్వవిద్యాలయాల విద్యార్థులను గమనించింది. తమ జట్టు శనివారం గెలిస్తే సోమవారం క్లాసుకు ఆ విద్యాలయం పేరున్న బట్టలు వేసుకొచ్చేవాళ్లు పెరిగారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు ‘మేం’ అనేవాళ్లు, ఓటమి గురించి చెప్పేటప్పుడు ఆ మాట తగ్గేది. ఇంగ్లిష్‌లో ‘మేం’కూ ‘మనం’కూ ఒకే మాట కాబట్టి ఆ అధ్యయనం అక్కడితో ఆగింది. తెలుగులో అయితే ఇంకో పొర కనిపిస్తుంది. మ్యాచ్ తెల్లారి ఆఫీసులో పక్క టేబుల్ మనిషితో అనేది ‘మేం గెలిచాం’. ‘అవే’ స్టాండ్‌లో, అంతకుముందు మొహం కూడా చూడని మనిషిని కౌగిలించుకుని అనేది ‘మనం గెలిచాం’. పరాయి మైదానం రెండోదాన్ని పుట్టిస్తుంది. చుట్టూ ఉన్నదంతా ఎదుటి పక్షమే అయినప్పుడు పక్కనున్నవాడు ఎవడైనా మనవాడే.

అయితే ఆ ‘మనం’ ఎప్పుడూ పూర్తిగా నునుపుగా ఉండదు. పెద్ద కప్ మ్యాచ్ రాగానే టికెట్లకు ఎగబడేవాళ్లలో సీజన్ అంతా కనిపించనివాళ్లు ఎందరో ఉంటారు. చలిలో, వానలో, రెండు మూడు వందల మంది కూడా లేని చోట జట్టు వెంట తిరిగినవాళ్లకు అది గుచ్చుకుంటుంది. అందుకే క్లబ్బులు సీజన్ టికెట్ ఉన్నవాళ్లకు, ఎక్కువ ‘అవే’ మ్యాచ్‌లకు వెళ్లినవాళ్లకు ముందు అవకాశం ఇస్తాయి. అది న్యాయమైన పద్ధతే. కొత్తగా వచ్చినవాళ్లను చిన్నచూపు చూడటం మాత్రం తగదు, వాళ్లలో కొందరు వచ్చే నెల మామూలు లీగ్ మ్యాచ్‌కు వచ్చేది ఈ గెలుపు చూశాకే.

ఇంత అరుదైన సంబరం ఎక్కడైనా పుడుతుందా అంటే, పుట్టదు. అది డ్రా పద్ధతి మీద, అంటే ఎవరు ఎవరితో ఆడాలో లాటరీలా తేల్చే తీరు మీద ఆధారపడి ఉంది. ఎఫ్‌ఏ కప్‌లో మూడో రౌండ్ నుంచి ప్రీమియర్ లీగ్, చాంపియన్‌షిప్ (రెండో అంచె) క్లబ్బులు 44 వచ్చి చేరతాయి, మొత్తం 64 జట్లు. జట్ల నంబర్లున్న బంతులన్నీ ఒకే గిన్నెలో ఉంటాయి. ఎవరు ఎవరితో, ఎవరి మైదానంలో అన్నది పూర్తిగా అదృష్టం. జర్మన్ కప్‌లో అలా కాదు, అక్కడ అమెచ్యూర్ జట్టుకు ప్రొఫెషనల్ జట్టు ఎదురైతే మ్యాచ్ చిన్నవాళ్ల మైదానంలోనే. ఫ్రాన్స్‌లో రెండు అంచెల తేడా ఉంటే కింది జట్టే ఆతిథ్యం ఇస్తుంది. స్పెయిన్ కూడా 2019-20 నుంచి సెమీఫైనల్ తప్ప మిగతా రౌండ్లలో ఒకే మ్యాచ్ పద్ధతికి మారి దాన్ని కింది జట్టు మైదానంలో పెడుతోంది. జర్మనీలో మూడో అంచెలోని అర్మీనియా బీలెఫెల్డ్ 2025లో ఏకంగా ఫైనల్‌కు చేరింది. దారిలో అంతకు ముందు ఏడాది కప్ గెలిచిన లెవర్‌కూసెన్‌నూ ఓడించింది. ఆ గెలుపులన్నీ సొంత మైదానంలోవే.

ఆ దేశాల ఉద్దేశం మంచిదే. చిన్న ఊరికి పెద్ద జట్టు వస్తుంది, పిల్లలు నడిచి వెళ్లి చూస్తారు, సంచలనాలకు అవకాశం పెరుగుతుంది. కానీ దాంతో పోయేది కూడా ఉంది. చిన్న జట్టు అభిమాని వేల మందితో కలిసి పెద్ద స్టేడియంలోకి నడిచి, అక్కడి జనాన్ని నిశ్శబ్దం చేసి బయటికొచ్చే రోజు ఆ పద్ధతుల్లో దాదాపు ఉండదు. గుడ్డి డ్రాలో అన్యాయం ఉంది, నిజమే. ఆ అన్యాయం లేకపోతే టర్ఫ్ మూర్ లేదు, పోర్ట్‌మన్ రోడ్ లేదు. 1986లో బర్మింగ్‌హామ్ సిటీ మైదానంలో ఆల్ట్రింగ్‌హామ్ 2-1 గెలుపు, 2013లో నార్విచ్ మైదానంలో నాన్ లీగ్ లూటన్ 80వ నిమిషం గోల్‌తో సాధించిన 1-0 గెలుపు కూడా లేవు. ఇంగ్లండ్ ఈ ఒక్క విషయంలో మొండిగా ఉండటమే మేలు.

అదే ఇంగ్లండ్ ఇంకో విషయంలో మాత్రం వెనక్కి తగ్గింది. 2024-25 నుంచి ఎఫ్‌ఏ కప్ ప్రధాన రౌండ్లలో రీప్లేలు తీసేశారు. మ్యాచ్ సమమైతే అదే రోజు అదనపు సమయం, ఆ తర్వాత పెనాల్టీలు. మ్యాచ్‌లు ఎక్కువైపోయిన పెద్ద క్లబ్బులకు ఇది ఊరట. చిన్న క్లబ్బులకు పోయింది చిన్నది కాదు. 2005లో ఎక్సెటర్ సిటీ నాన్ లీగ్ జట్టుగా ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 0-0 నిలిపింది. ఆ డ్రాను వాళ్ల అభిమానులు గెలుపులాగే పండగ చేసుకున్నారు, చేసుకోవాలి కూడా. రీప్లేలో 0-2తో ఓడినా, ఆ రెండు మ్యాచ్‌ల ఆదాయం అప్పుల్లో మునిగిన క్లబ్‌ను నిలబెట్టడానికి సాయపడింది. ఇప్పుడు ఆ 0-0కు విలువ లేదు, ఇంకో అరగంట పరుగెత్తమంటారు. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్ చేసే ఆటగాళ్ల కాళ్లకు ఆ అరగంట ఎంత భారమో వేరే చెప్పక్కర్లేదు.

సంబరం భద్రత గురించి కూడా చెప్పుకోవాలి. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరోలో ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ సందర్భంగా జరిగిన తొక్కిడిలో 97 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో పై రెండు అంచెల స్టేడియాలు పూర్తిగా కుర్చీలతో నింపారు. కానీ గోల్ పడ్డప్పుడు జనం కుర్చీల్లో ఉండరు, ముందు వరస కుర్చీ వీపు మోకాళ్ల కింద తగిలి బోర్లా పడతారు. దెబ్బలు అక్కడే ఎక్కువ. 2022-23 నుంచి అనుమతించిన సేఫ్ స్టాండింగ్‌లో ప్రతి వరసకూ నడుం ఎత్తున కడ్డీ ఉంటుంది కాబట్టి ఒకరిమీద ఒకరు పడే ప్రమాదం తగ్గుతుంది. ‘అవే’ స్టాండ్‌లకు ఈ కడ్డీలు ముందుగా వేయాలన్నది సబబైన కోరిక, ఎందుకంటే మ్యాచ్ మొత్తం నిలబడి చూసేది ముఖ్యంగా వాళ్లే. మంటలు చిమ్మే ఫ్లేర్‌లు, మైదానంలోకి దూకడం చట్టప్రకారం నేరాలు. ఎవరి పిల్లవాడి మొహమో కాలాక జరిగింది గెలుపు అని చెప్పుకోలేం.

రిఫరీ నిర్ణయాలను వీడియో చూసి సరిచూసే వీఏఆర్ విషయంలో మాత్రం అదృష్టం చిన్నవాళ్ల వైపే ఉంది. 2024-25 సీజన్లో ఐదో రౌండ్‌కు ముందు దాన్ని వాడలేదు. గోల్ పడగానే పండగ చేసుకోవచ్చా, ఆగాలా అని రిఫరీ చెవి వైపు చూడాల్సిన పని లేదు. టర్ఫ్ మూర్‌లో లింకన్‌కు వచ్చిన జవాబులా సెకనులో తేలే టెక్నాలజీ మంచిదే. మూడు నిమిషాలు గీతలు గీసి చెప్పే జవాబు మాత్రం ఈ రకం ఆనందాన్ని చంపేస్తుంది, అది ఆ ఒక్క క్షణం మీద నిలబడేది కాబట్టి.

మ్యాచ్ అయ్యాక స్టేడియం ఖాళీ అయ్యే తీరులో కూడా ఓ అందం ఉంది. ఆతిథ్య జట్టు వాళ్లు చివరి విజిల్‌కు ముందే లేచి వెళ్లిపోతుంటారు, స్టాండ్‌లు ఒక్కొక్కటిగా కుర్చీల రంగులోకి మారతాయి. ఆ ఖాళీ మధ్య ఒక్క మూల మాత్రం నిండుగా ఉంటుంది. ఆటగాళ్లు అటే నడుస్తారు, చొక్కాలు విసురుతారు, కొందరు జనంలో తమ అమ్మానాన్నలను వెతుక్కుంటారు. ఆరో అంచెలో ఆడేవాడికి, చూడటానికి వచ్చినవాడికి మధ్య దూరం అసలే తక్కువ.

లింకన్ ఆ తర్వాత క్వార్టర్ ఫైనల్లో ఆర్సెనల్ మైదానంలో 0-5తో ఓడింది. మెయిడ్‌స్టోన్ కూడా ఐదో రౌండ్‌లో కోవెంట్రీ మైదానంలో సరిగ్గా అదే స్కోరుతో, 0-5తో ఓడింది. రెండు చోట్లా వేలమంది అభిమానులు మళ్లీ వెంట వెళ్లారు, చివరి విజిల్ దాకా పాడుతూనే ఉన్నారు. లింకన్ ఆ సీజన్లోనే తన లీగ్ గెలిచి, 2011లో జారిపోయిన ఫుట్‌బాల్ లీగ్‌లోకి తిరిగి అడుగుపెట్టింది.